నాలుగు ఆవిష్కరణలు, ఒక సున్నా

మా పెద్దది షియాన్‌లో చైనీస్ బడిలోనే చదువుతోంది. పుట్టింది ఇండియాలోనే అయినా ఊహ తెలిసింది ఇక్కడే. బళ్ళో 'నాలుగు మహా ఆవిష్కరణలు' పాఠం చెప్పినప్పటి నుంచీ ఇంట్లో ఒకటే గోల. కాగితం మాదే, అచ్చు మాదే, మందుగుండు మాదే, దిక్సూచి మాదే! ఆ 'మాదే' కాస్తా గుంటూరులో ఉన్న తాతయ్య, అంటే మా నాన్న చెవిన పడింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఊరుకుంటారా? "మరి సున్నా ఎవరిదే తల్లీ? బ్రహ్మగుప్తుడు 628లోనే దానికి సూత్రాలు రాశాడు" అని ఫోన్లోనే మొదలుపెట్టారు. (ఆ ఫోన్ కలవడానికి మేం పడే తిప్పలు వేరే కథ. ఇక్కడ వాట్సాప్ రాదు, అక్కడ వీచాట్ నిషేధం.) అప్పట్నుంచి ఆదివారం వస్తే తాతకీ మనవరాలికీ వాదన.

విదేశాల్లో ఉన్న చాలా ఇళ్ళలో ఇది మామూలే అనుకుంటా. పిల్లలు ఉంటున్న దేశం తరఫున వకాల్తా పుచ్చుకుంటారు, పెద్దవాళ్ళు పుట్టిన దేశం తరఫున. నాకు మాత్రం ఈ పంపకాలంటే చిరాకు. నిజానికి ఆ 'నాలుగు' అన్న లెక్క వేసింది కూడా చైనా వాళ్ళు కాదు. అచ్చు, మందుగుండు, దిక్సూచి ప్రపంచాన్ని మార్చేశాయని 1620లో ఇంగ్లండ్ తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ రాశాడు. అవి ఎక్కడ పుట్టాయో పాపం ఆయనకే తెలియదు. కాగితాన్ని కలిపి నాలుగు చేసింది ఆ తర్వాతి పాశ్చాత్య పండితులు.

'మొదట ఎవరు' అన్నదీ అంత తేలిగ్గా తేలదు. క్రీ.శ. 105లో త్సాయ్ లున్ అనే ఆస్థాన అధికారి చెట్టు బెరడు, జనపనార, పాత గుడ్డపేలికలు, చేపల వలలు నానబెట్టి కాగితం చేసి చక్రవర్తికి చూపించాడని పాఠంలో ఉంది. అంతకు రెండు మూడు వందల ఏళ్ళ ముందటి కాగితం ముక్కలు గాన్సు రాష్ట్రంలో తవ్వకాల్లో దొరికాయి. మా చిన్నాడికి ఇవేవీ పట్టవు, వాడికి మందుగుండు కథ ఒక్కటి చాలు. అమృతం లాంటి మందు చేద్దామని కొందరు గంధకం, సురేకారం, తేనె కలిపి వేడిచేస్తే భగ్గుమని చేతులూ మొహాలూ కాలి, ఇల్లే తగలబడిందని చైనా దావో మతానికి చెందిన ఒక పాత గ్రంథం హెచ్చరిస్తుంది. చావు లేని మందు వెతకబోతే దొరికింది అదీ!

అచ్చు దగ్గరికొచ్చేసరికి నేను కూడా కాస్త ఆగి చదివాను. తేదీతో సహా దొరికిన అచ్చుపుస్తకాల్లో అతి పాతది వజ్రచ్ఛేదిక సూత్రం అనే బౌద్ధ గ్రంథం. దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. వాంగ్ జియే అనే ఆయన అమ్మానాన్నల పేరు మీద, అందరికీ ఉచితంగా పంచడానికి 868లో దాన్ని వేయించినట్టు చివర్లో ఉంటుంది. ఆ పుస్తకంలో ఉన్నది కుమారజీవుడనే బౌద్ధ భిక్షువు చేసిన చైనీస్ అనువాదం. ఆయన తండ్రి భారతీయుడు, తల్లి మధ్య ఆసియాలోని కూచా రాజ్యపు రాజకుటుంబం ఆడపడుచు. తొమ్మిదేళ్ళప్పుడు తల్లే చదువు కోసం కశ్మీరు తీసుకెళ్ళిందని జీవితచరిత్రలు చెప్తాయి. పెద్దయ్యాక యుద్ధంలో పట్టుబడి, లియాంగ్‌జౌలో ఏళ్ళ తరబడి ఉండిపోయి, 401లో ఇదే ఊరికి వచ్చాడు. అప్పుడు దీని పేరు చాంగాన్. ఈ సూత్రాన్ని చైనాలో ఇప్పటికీ ఎక్కువమంది చదివేది ఆయన చైనీస్‌లోనే.

ఊరి బయట త్సావ్‌తాంగ్ గుడిలో ఆయన రంగురాళ్ళ స్తూపం ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి ఈ కథంతా చెప్పాను. ఆయన మనవాడా, చైనావాడా అని అడుగుతుందేమో, ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించుకున్నాను. అది అడిగింది వేరు. "అమ్మా, ఆయన్ని కూడా ఎక్కడికెళ్ళినా నువ్వెక్కడిదానివి అన్నట్టు అడిగేవాళ్ళా?" అంది. బస్సులో ముసలమ్మలు దాని జుట్టు ముట్టుకుని చూస్తారు, ఫోటో దిగుతామంటారు. ప్రేమగానే. దానికి అలవాటైపోయిందని అనుకునేదాన్ని. అలవాటు కాలేదన్నమాట. అడిగే ఉంటారని చెప్పాను, చైనీస్ ఆయన పెద్దయ్యాకే నేర్చుకున్నాడని కూడా చెప్పాను. "అయితే టోన్లు తప్పేవేమో" అని నవ్వుకుంది. (చైనీస్‌లో పలికే స్వరం మారితే మాట అర్థమే మారిపోతుంది, ఆ స్వరాలే టోన్లు.) నా టోన్లు రోజూ దిద్దేది అదే మరి.

ఆ తర్వాత గౌతమ కుటుంబం గురించి వెతికాను. తరాల కిందట ఇండియా నుంచి వచ్చి చాంగాన్‌లో స్థిరపడ్డ వంశం అది. తాంగ్ చక్రవర్తుల ఖగోళ కార్యాలయంలో తండ్రి తర్వాత కొడుకు పనిచేశారు. వాళ్ళలో ఒకాయన సమాధి 1977లో ఈ ఊరి శివార్లలోనే బయటపడింది. ఆ ఇంటి గౌతమ సిద్ధుడు 718లో చక్రవర్తి ఆజ్ఞ మీద నవగ్రహ పంచాంగాన్ని చైనీస్‌లోకి మార్చాడు. తొమ్మిది అంకెలు ఎలా రాయాలో, ఖాళీ స్థానంలో చుక్క ఎలా పెట్టాలో అందులో వివరించాడు. అది ఆయన పెద్ద గ్రంథంలో భాగం. ఆ గ్రంథం కొన్ని వందల ఏళ్ళు కనబడకుండా పోయి, మింగ్ వంశం కాలంలో ఒక పాత బుద్ధవిగ్రహం కడుపులో దొరికిందట.

తాతయ్యకి చెప్పగానే గెలిచినంత సంబరం. "చూశావా, సున్నా మీ ఊరికే వచ్చింది!" అన్నారు. "వచ్చింది గానీ వీళ్ళు తీసుకోలేదు తాతయ్యా" అని ఇది అందుకుంది. నిజమే. అప్పటికే ఇక్కడి లెక్కలవాళ్ళు చిన్న చిన్న పుల్లలు పేర్చి లెక్కలు చేసేవారు. ఒకట్లు నిలువుగా, పదులు అడ్డంగా, మళ్ళీ వందలు నిలువుగా. అంకె లేని చోట ఖాళీ వదిలేస్తే సరి, ఇంకో గుర్తు అవసరం పడలేదు. చైనా పుస్తకంలో గుండ్రటి సున్నా కనిపించేది 1247లో, చిన్ జియుషావ్ అనే గణితవేత్త గ్రంథంలో.

మాస్టారు గదా, ఓడిపోయానని అనలేదు. "ఆ పుల్లల పద్ధతి ఏంటో చెప్పు" అన్నారు. ఇప్పుడు ఆదివారాలు ఇక్కడ ఇదీ అక్కడ ఆయనా అగ్గిపుల్లలు పరుచుకుని భాగహారాలు చేస్తున్నారు. ధనసంఖ్యలకి ఎర్ర పుల్లలు, రుణసంఖ్యలకి నల్లవి వాడాలని ఒక పాత లెక్కల పుస్తకానికి 263లో లియు హుయ్ అనే చైనా గణితవేత్త రాసిన వ్యాఖ్యానంలో ఉంది. ఆ సంగతి చెప్పిన రోజు నాన్న నల్ల పుల్లల కోసం ఒక అగ్గిపెట్టె మొత్తం వెలిగించి ఆర్పేశారట, అమ్మ ఫోన్ లాక్కుని నన్ను తిట్టింది.