మేడ మీద గోంగూర

కావలిలో మా మేడ మీద, పగిలిన నీళ్ల తొట్టిలో ఆషాఢంలో ఎర్ర గోంగూర గింజలు చల్లాను. జానెడు ఎదగ్గానే తలలు తుంచమంది అమ్మ. రెండు మొక్కల్ని మాత్రం తుంచడానికి నాకు మనసొప్పలేదు. అవి బొంగుల్లా నిటారుగా లేచాయి. తుంచినవేమో గుబురుగా కొమ్మలేశాయి.

పగలు తగ్గే కార్తీకానికి పూత. లేత పసుపు పూలు, నడుమ ముదురెరుపు. సాయంత్రానికే ముడుచుకుపోతాయి. అప్పట్నుంచి ఆకు సన్నబడింది.

తుఫానంటే టెన్షన్ పడి నిన్న ఆ రెండూ తప్ప మిగతావన్నీ కోసేశా. కాయను చుట్టుకున్న ఎర్ర రెక్కలు వలిచేసరికి వేళ్లన్నీ ఎరుపు, జిగురు. ఎండుమిరపకాయలు వేయించి రోట్లో పచ్చడి నూరాం. పులుపుకి పళ్లు జివ్వుమన్నాయి. చింతపండు ఊసే లేదు!

నేను తుంచని ఆ రెండిటినీ విత్తనానికి వదిలేశాం. "ఈసారైనా చెప్పింది విను" అంది అమ్మ, ముద్ద కలుపుతూ.