తిమింగలానికి ఉరి తాడు, మత్స్యకారుడికి బతుకు తాడు

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు ఏటా ఏప్రిల్‌లో నేను చెప్పేది ఒకటే, వీలు చూసుకుని ప్రావిన్స్‌టౌన్ దాకా వెళ్లి రేస్ పాయింట్ బీచ్‌లో కాసేపు నిలబడండి. అదృష్టం బాగుంటే ఒడ్డు నుంచే ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు కనిపిస్తాయి. వీపు మీద రెక్క ఉండదు, ఊపిరి వదిలితే తుంపర రెండు పాయలుగా లేస్తుంది, తల మీద తెల్లటి గరుకు మచ్చలుంటాయి. ఆ మచ్చల అమరిక దేనిది దానిదే కాబట్టి వాటిని చూసే శాస్త్రవేత్తలు ఒక్కోదాన్నీ గుర్తుపడతారు. ఈ జాతిలో ప్రపంచం మొత్తంలో ఇక మిగిలినవే దాదాపు 380, అందులో పిల్లల్ని కనే ఆడవి సుమారు 70.

స్నో కోన్ అనే తల్లి సంగతి వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది. దాని పిల్ల ఒకటి 2020లో ఓడ గుద్ది చచ్చిపోయింది. 2021 మార్చిలో ప్రావిన్స్‌టౌన్ పక్కనే ఉన్న ఈ కేప్ కాడ్ అఖాతంలో తాళ్లు చుట్టుకుని కనిపిస్తే రక్షణ బృందం కొంత కోయగలిగింది. మిగతా తాడు ఈడ్చుకుంటూనే జార్జియా దాకా ఈది, ఆ డిసెంబరులో ఇంకో పిల్లని కన్నది. 2022 సెప్టెంబరులో నాంటకెట్ దగ్గర మళ్లీ చూసేసరికి ఒంటి మీద కొత్త తాళ్లు, చిక్కి శల్యమై ఉంది, పక్కన పిల్ల లేదు.

ఈ తాళ్లు లాబ్‌స్టర్ (పెద్ద రొయ్యలాంటిది), పీత బోనులవి. బోను సముద్రం అడుగున, బోయా అనే తేలే గుర్తు పైన, మధ్యలో నిలువుగా తాడు. నోరు తెరుచుకుని ఈదుతూ మేసే జంతువు నోట్లో ఆ తాడు పడితే, భయంతో దొర్లేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. ఈ జాతిలో నూటికి 85 జీవితంలో ఒక్కసారైనా ఇలా చిక్కినవే.

తాళ్లు ఒక ఎత్తయితే వాతావరణ మార్పు ఇంకో ఎత్తు, దాని దెబ్బ తిండి మీద. ఇవి తినేది బియ్యపు గింజంత ఉండే కోపిపాడ్‌లనే చిన్న సముద్రజీవుల్ని. 2010 తర్వాత కేప్ కాడ్‌కి ఉత్తరాన ఉన్న గల్ఫ్ ఆఫ్ మెయిన్ వేడెక్కి అక్కడ ఆ మేత పలచబడింది, దాన్ని వెతుక్కుంటూ చాలా తిమింగలాలు కెనడాలోని గల్ఫ్ ఆఫ్ సెయింట్ లారెన్స్‌కి పోయాయి. అక్కడ అప్పటికి వాటి కోసం ఓడలకి వేగ పరిమితుల్లేవు, చేపల వేటకి నిబంధనల్లేవు. 2017 ఒక్క ఏడాదిలో రెండు దేశాల్లో కలిపి 17 చచ్చిపోయాయి. మనం మ్యాప్ మీద గీత గీసి ఇది రక్షిత ప్రాంతం అని కూర్చుంటే, సముద్రం ఆ గీత దగ్గర ఆగదు కదా! కెనడా ఆ దెబ్బతో పద్ధతి మార్చింది, తిమింగలం ఎక్కడ కనిపిస్తే అక్కడ 15 రోజులు వేట ఆపేస్తోంది. అమెరికా కాంగ్రెస్ మాత్రం 2022 డిసెంబరులో లాబ్‌స్టర్ వేటపై కొత్త నిబంధనల్ని 2028 చివరికి నెట్టేసింది.

అలాగని మత్స్యకారుల్ని తిట్టేవాళ్లతో నేను కలవను. 2017 జూలైలో చిక్కుకున్న తిమింగలాన్ని విడిపించి, ఆ వెంటనే దాని దెబ్బకి ప్రాణం పోగొట్టుకున్న జో హౌలెట్ కూడా లాబ్‌స్టర్ పట్టేవాడే. వాళ్లకి కావాల్సింది దారి. తాడులేని బోనులు వచ్చాయి, బోయా అడుగునే ఉండి పడవ నుంచి ధ్వని సంకేతం పంపితేనే పైకి తేలుతుంది. కానీ మామూలు బోను ఖర్చుతో పోలిస్తే చాలా ఎక్కువ, ఒక్క పడవ మీద బతికే కుటుంబం అంత పెట్టుబడి ఎక్కడ తెస్తుంది? ఇండియాలో మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఉంటే ఆంధ్రలో ప్రభుత్వం ఆ కుటుంబాలకి భృతి ఇస్తోంది. అది చాలదని గొడవలున్నా, ఆపమన్నవాళ్లే ఎంతో కొంత భరించాలన్న లెక్క మాత్రం సరైనదే. ఇక్కడా అదే జరగాలి, 2028 దాకా ఆగకుండా. ఓటున్నవాళ్లు మీ ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేసి, తాడులేని బోనులకి డబ్బు ఎంత కేటాయించారో, అది పడవలదాకా చేరిందో లేదో అడగండి.