గుద్దిన స్విఫ్ట్‌ని నేనే బాగుచేసి అమ్మాను

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు తెల్లవారుజామున హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ వస్తున్నాను. మంచు దట్టంగా ఉంది. ముందు ట్రాక్టర్ ట్రక్కు వెళ్తోందని నాకు తెలిసేసరికి దాని వెనక ఇనప చట్రం నా బోనెట్ మీదుంది. దానికి లైటు లేదు, ఎర్ర స్టిక్కరైనా లేదు. కుడికి కోసేశాను కాబట్టి ఎడమ మూలే తగిలింది. నుదుటి మీద మూడు కుట్లతో బయటపడ్డాను.

నాది 2013 స్విఫ్ట్, ఎయిర్‌బ్యాగులు లేనిది. కుట్లు పడింది అందుకే. బాగుచేసేటప్పుడు మాత్రం అదే కలిసొచ్చింది. ఎయిర్‌బ్యాగులు పేలిన బండికి అవొక్కటే మారిస్తే సరిపోదు. గుద్దగానే బెల్టుని బిగించే టెన్షనర్ ఉన్న సీటు బెల్టులు, కంట్రోల్ యూనిట్ కూడా చూసుకోవాలి. ఆ లెక్కకి నేను ఈ పని మొదలుపెట్టేవాణ్నే కాదు.

ఇన్సూరెన్స్ రెండేళ్లుగా థర్డ్ పార్టీ మాత్రమే, అంటే నా బండి రిపేరుకి పైసా రాదు. పాత బండికి ఫుల్ ఎందుకులే అన్న తెలివి నాదే. షోరూమ్ వాళ్లు లక్షా అరవై రెండు వేలకి ఎస్టిమేట్ రాసిచ్చారు. ఉన్నదున్నట్టు కొంటానన్న బేరగాడు లక్షా పది వేల దగ్గర ఆగిపోయాడు. "ఆ డబ్బు తీసుకుని వదిలించుకోండి, మీకు పుణ్యం ఉంటుంది" అంది మా ఆవిడ. నేను రైస్ మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టర్ని. పానాలు, జాకీలు ఉన్నాయి, సాయంత్రాలు ఖాళీ. ఇంకేం కావాలి అనుకున్నాను.

మొదటి వారం అంతా విప్పడమే. బంపర్, ఎడమ హెడ్‌లైటు, ఫెండర్, బోనెట్ పోయాయి. రేడియేటర్ ఫ్యాను మీదకి ఒరిగింది, ఏసీ కండెన్సర్ చిట్లింది. విప్పిన ప్రతి బోల్టునీ ఎక్కడిదో రాసి కవర్లో వేశాను. నేను మొదటి నుంచీ సరిగ్గా చేసిన పని అదొక్కటే. ఏసీ పైపుల మూతులు తెరిచి వదిలేశాను, లోపలికి చెమ్మ చేరింది. తర్వాత ఏసీ మెకానిక్ చెమ్మ పీల్చే డ్రయ్యర్ కూడా మార్చాల్సిందే అన్నాడు. పైపు ఊడదీయగానే ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

రేకుల వెనక ఏముందో విప్పాకే తెలిసింది. ఎడమ వైపు షాక్ అబ్జార్బర్ పై బోల్టు నుంచి కుడి వైపు ముందు మూలకి టేపు పెట్టాను, మళ్లీ కుడి నుంచి ఎడమకి. రెండు కొలతలూ సమానంగా రావాలి. పదకొండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అంటే బోల్టు వేసి బిగించే భాగాలే కాదు, బండి ఎముకే వంగింది.

మిల్లులో చైన్ పుల్లీ ఉంది, పెరట్లో కొబ్బరి చెట్టు ఉంది. కట్టి లాగేద్దామని దాదాపు సిద్ధపడ్డాను. ఆ ముందు రోజు పాత సామాన్ల కోసం విజయవాడ జవహర్ ఆటోనగర్ వెళ్లి, అక్కడ ఒక పెద్దాయన షెడ్డులో మాట వరసకి చెప్పాను. అరవై దాటిన టింకరింగ్ మేస్త్రి. చేతిలో సుత్తి దించకుండానే, "చెట్టన్నా వస్తుంది, బండన్నా వస్తుంది. వంకర మాత్రం అక్కడే ఉంటుందయ్యా" అన్నాడు. "మరి ఎట్లా బాబాయ్?" అంటే, "తీసుకురా, చూద్దాం."

బండిని ట్రాలీ ఆటో మీద పంపాను. రెండు రోజులు ఆయన పక్కనే నిలబడి చూశాను. గుద్దు ఒక వైపు నుంచి తగిలినా రేకు మూడు వైపులకి మడత పడుతుంది, ఒక్క దిక్కుకి లాగితే కొత్త వంకర వస్తుంది. ఆయన హైడ్రాలిక్ జాకీతో కొంచెం లాగి, ఆ బిగువు మీదే మడత చుట్టూ సుత్తితో తట్టి, వదిలి, టేపు పెట్టి చూసి, మళ్లీ లాగేవాడు. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి లాగితే గంటలో అయిపోతుందట. కానీ కాల్చిన రేకు బలం పోతుంది, ఇంకో దెబ్బకి నిలవదు. రెండో రోజు సాయంత్రానికి తేడా రెండు మిల్లీమీటర్లకి దిగింది. పద్నాలుగు వేలు తీసుకున్నాడు, బేరం ఆడలేదు నేను.

అక్కడి నుంచి మళ్లీ నా పని. సెకండ్‌హ్యాండ్ బోనెట్, ఫెండర్, హెడ్‌లైటు, కొత్త రేడియేటర్, కండెన్సర్, బంపర్ అన్నీ కలిపి ముప్పై ఒక్క వేలు. బిగించడం ఒక పూట, సందులు సరిచేయడం నాలుగు పూటలు. బోనెట్‌కీ ఫెండర్‌కీ మధ్య రెండు నాణేలు కలిపి పట్టుకుని ముందు నుంచి వెనక దాకా జరిపేవాణ్ని, ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ బోల్టు వదులు చేసి జరపడం. కూలెంట్ పోసి స్టార్ట్ చేస్తే పై పైపు చెయ్యి పెట్టలేనంత వేడి, కింది పైపు చల్లగా! గాలి ఇరుక్కుంది. హీటర్ పెట్టి, ఐడిలింగ్‌లో ఉంచి, పైపులు నొక్కుతూ బుడగలు వదిలిస్తే కాసేపటికి ఫ్యాను తిరిగింది. రోడ్డెక్కితే స్టీరింగ్ ఎడమకి లాగింది. చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వంగిందని అప్పుడు తేలింది. అది మార్చి, అలైన్‌మెంట్ చేయించాను.

ఇక పెయింటు. నా పరువు పోయింది ఇక్కడే. మిల్లులో కంప్రెసర్ ఉంది కదా అని ఆదివారం పూట అక్కడే కొట్టాను. పుట్టీ, వాటర్ పేపర్, ప్రైమర్, రంగు అన్నీ బానే కుదిరాయి. రంగు మీద ఆఖరున కొట్టే క్లియర్ కోట్ తడిగా ఉండగా పై దూలాల మీద నుంచి ఊక దుమ్ము రాలింది. పొద్దున చూస్తే బోనెట్ నిండా నువ్వులు అద్దినట్టుంది. పైగా సిల్వర్ రంగు. ట్యూబులైటు కింద ఒకలా, ఎండలో ఇంకోలా కనిపిస్తుంది. తలుపుకీ ఫెండర్‌కీ షేడు కలవలేదు. చివరికి గుడివాడలోనే ఒక పెయింటర్‌కి పదకొండు వేలిచ్చి, అంతా రుద్దించి, రంగు తలుపు మీదకి కొంచెం పాకించి కొట్టించాను.

ఏసీ, లోయర్ ఆర్మ్, ట్రాలీ ఆటో, పాడుచేసిన పెయింటు అన్నీ వేసుకుంటే మొత్తం ఖర్చు అరవై ఎనిమిది వేల నాలుగు వందలు. ఏడు వారాలు పట్టింది.

చూడ్డానికి వచ్చినవాళ్లకి ముందే చెప్పేశాను, ఫోన్లో గుద్దిన నాటి ఫొటోలు కూడా చూపించాను. నిజాయితీ ఒకటే కారణం కాదు. బోనెట్ కీలు బోల్టుల మీద పానం గీతలు చూస్తే తెలిసినవాడికి క్షణంలో అర్థమవుతుంది, దాచి దొరికిపోతే మిగతావి కూడా నమ్మడు. ఇద్దరు ఫొటోలు చూసి టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. పామర్రు నుంచి ఒక మాస్టారు బావమరిదిని వెంటపెట్టుకొచ్చారు, అతను మెకానిక్. కింద పడుకుని అరగంట చూసి, "లాగింది ఎవరు?" అని అడిగాడు. ఆటోనగర్ పెద్దాయన సంగతి చెప్పాను. తలూపాడు. రెండు లక్షల ముప్పై ఐదు వేలకి తెగింది. లక్షా పదికి వదిలేసి ఉంటే వచ్చేదానికన్నా యాభై ఆరు వేల చిల్లర ఎక్కువ.

ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోలేదు, ఆర్సీ ఆయన పేరు మీదకి మారిందాకా వెంటపడ్డాను. రికార్డులో పేరున్నవాడే ఓనరని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మధ్యలో ఏదన్నా జరిగితే పరిహారం కట్టాల్సింది నేనే.

జూన్లో మొదటి వాన పడ్డాక మాస్టారు ఫోన్ చేశారు. ఎడమ హెడ్‌లైటు అద్దం లోపల ఆవిరి పడుతోందట. పాత లైటు కదా, అంచున సీలు వదిలినట్టుంది. ఆదివారం సిలికాన్ ట్యూబు పట్టుకుని పామర్రు వెళ్లాను. మాస్టారు భోజనం పెట్టందే పంపలేదు.