సైటు పిన్ను ఎటు జరపాలో తెలీక నెల రోజులు

ఇవాళ పొద్దున 18 మీటర్ల నుంచి ఆరు బాణాల్లో అయిదు టార్గెట్ నడిమధ్య పసుపులో పడ్డాయి. 122 సెంటీమీటర్ల పెద్ద ఫేసు (టార్గెట్ కాగితం) మీదే లెండి, అయినా ఆ ఊపులోనే రాస్తున్నా.

నాది రికర్వ్ బో, అంటే చివర్లు ముందుకి వంగి ఉండే విల్లు. మా బావ ఫోన్ చేసినప్పుడల్లా "సురేఖలా కొట్టరా" అంటాడు. హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు గోల్డులు కొట్టిన మన విజయవాడమ్మాయి జ్యోతి సురేఖది కాంపౌండ్ (కప్పీలుండే విల్లు), అందులో గురికి లెన్సు, స్ట్రింగులో పీప్ అనే చిన్న కన్నం ఉంటాయి, మాకు అవేం ఉండవు బావా అంటే వినడు.

సైటు అంటే గురి కోసం బోకి తగిలించే పరికరం, దాని పిన్నుని పసుపు మీద పెట్టి కొట్టాలి. అది బిగించడం అయిదు నిమిషాల పని. రైజర్‌కి (బో మధ్యలో చేత్తో పట్టుకునే భాగానికి) స్క్రూలు వేసి, వెనక నించి చూసి స్ట్రింగు, బాణం, పిన్ను దాదాపు ఒకే వరసలో ఉండేలా పెట్టాను. ఇంతవరకూ బానే ఉంది.

కష్టం ఆ తర్వాత మొదలైంది. బాణాలు పసుపుకి ఎడమగా జానెడు దూరంలో పడుతున్నాయి. ఎడమకి పోతున్నాయంటే కుడికి తొయ్యాలి కదా అని పిన్ను కుడికి తిప్పాను, ఇంకా ఎడమకి పోయాయి, సరిపోలేదేమో అని ఇంకాస్త తిప్పాను, ఈసారి ఓ బాణం టార్గెట్టే దాటిపోయి వెనక గోడకి కొట్టుకుని ముక్కలైంది. కార్బన్ బాణం రేటెంతో కొన్నవాళ్ళకి తెలుసు. వైజాగ్ కదా, సముద్రం గాలి తోసేస్తోందని అందరికీ చెప్పుకు తిరిగాను. 18 మీటర్లకి గాలి జానెడు తొయ్యదు గురూ, పైగా పొద్దున్నే గాలే లేదు.

నేను ముందు చేరిన చోట మాస్టారిని అడిగితే "నీకు ఫామ్ లేదు", అంటే నిలబడి లాగే పద్ధతి సరిగా లేదని, మూడు వారాలు బో బదులు రబ్బరు బ్యాండు లాగించారు. ఫీజు మాత్రం ఒకటో తారీఖునే. నా సైటు వైపు ఒక్కసారైనా చూస్తే కదా.

చివరికి కొత్త గ్రౌండులో పక్క లేనులో పదకొండేళ్ళ పాప, నా బాణాలు చూసి, అందరి ముందూ "అంకుల్, బాణం ఎటు పోతే పిన్నటు" అంది. నవ్వారందరూ. చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికెళ్ళి ఖాళీ చేతుల్తో గోడ ముందు నిలబడి చూసుకుంటే అర్థమైంది: పిన్ను ఎడమకి జరిగితే దాన్ని మళ్ళీ పసుపు మీదికి తేవడానికి బో మొత్తం కుడికి తిప్పాల్సిందే, బాణం కూడా కుడికి వస్తుంది. బాణం పైకి పోతే పిన్ను పైకి, కిందకి పోతే కిందకి, అంతే. ఇంజనీరింగ్ చదివి ఇది తెలీలేదా అని మా ఆవిడ అడిగింది, ఏం చెప్తాం.

ఇంకో మాట, ఒక్క బాణం చూసి స్క్రూ ముట్టుకోకండి. ఆరు వేసి గుంపు ఎక్కడుందో చూడండి. బో వంకరగా పట్టుకున్నా, కంటి ముందు మసగ్గా కనిపించే స్ట్రింగు రోజుకో చోట ఉన్నా పిన్నెంత తిప్పినా దండగే. కుదిరాక సైటు మీది నంబరు పుస్తకంలో రాసుకోండి, లాక్ స్క్రూ బిగించండి, నాది వదులై ఓ రోజు మొత్తం పోయింది.

రేపు 30 మీటర్లు. దూరం పెరిగితే పిన్ను కిందకి దించాలి, ఇది మాత్రం ఆ పాపని అడక్కుండా నేనే కనిపెట్టాను.