కైరో ప్రసంగం నుంచి హైదరాబాద్ సదస్సు దాకా: అమెరికా, ముస్లిం సమాజాల మధ్య దౌత్యాన్ని నేను చదివిన పద్ధతి

సివిల్స్ మెయిన్స్‌కు తెలుగు మాధ్యమంలో సిద్ధమవుతున్న మిత్రులకు, ముఖ్యంగా రాజనీతి శాస్త్రాన్ని ఆప్షనల్‌గా తీసుకున్నవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. పశ్చిమాసియా అనగానే చమురు, గల్ఫ్‌లోని మనవారు, పాలస్తీనా సమస్య అన్న మూడు శీర్షికల కింద నోట్సు రాసుకోవడం మనలో చాలామందికి అలవాటు. అమెరికా ముస్లిం సమాజాలతో దౌత్యాన్ని ఎలా నడిపిందన్న ప్రశ్న ఈ మూడింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు కనుక దానిని విడిగా, ఒకే వరుసలో చదివాను. అధ్యక్షుడు ఏమన్నాడు, ఆ మాటను నిలబెట్టడానికి ఏ పదవి లేదా కార్యక్రమం పుట్టింది, ఆ తరువాత ఐక్యరాజ్యసమితిలో అమెరికా ఓటు ఎటు పడింది అని ప్రతి ఘట్టంలోనూ చూసుకుంటూ పోవడమే నేను అనుసరించిన పద్ధతి.

ఈ వరుసలో కీలకమైనది 2009 జూన్ 4న కైరో విశ్వవిద్యాలయంలో బరాక్ ఒబామా చేసిన ప్రసంగం. కోచింగ్ నోట్సులలో ఇది సాధారణంగా ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. మూలపాఠంలో మాత్రం హింసాత్మక తీవ్రవాదం, ఇజ్రాయెల్–పాలస్తీనా వివాదం, అణ్వాయుధాలు, ప్రజాస్వామ్యం, మత స్వేచ్ఛ, మహిళల హక్కులు, ఆర్థికాభివృద్ధి అనే ఏడు అంశాలు క్రమంగా వస్తాయి. ఇరాన్‌లో ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాన్ని కూలదోయడంలో, అంటే 1953లో ప్రధాని మొసాదెక్‌ను దించిన ఉదంతంలో, తమ దేశానికి పాత్ర ఉందని ఒబామా ఒప్పుకున్నదీ, పాలస్తీనా భూభాగంలో ఇజ్రాయెల్ కడుతున్న ఆవాసాల కొనసాగింపును అమెరికా సమ్మతించదని ప్రకటించినదీ అక్కడే. ఈ రెండో మాట ఎంతవరకు నిలబడిందన్నది కిందికి వస్తుంది.

పదవుల కథ ఒబామా కంటే ముందే మొదలైంది. ముస్లిం దేశాల కూటమి అయిన ఇస్లామిక్ సహకార సంస్థ, అంటే ఓఐసీకి ప్రత్యేక రాయబారిని నియమిస్తామని 2007 జూన్‌లో వాషింగ్టన్ ఇస్లామిక్ సెంటర్‌లో ప్రకటించినది జార్జ్ డబ్ల్యూ బుష్. 2008లో సదా కంబర్, 2010లో రషాద్ హుస్సేన్ ఆ బాధ్యత చేపట్టారు. దీనికి తోడు 2009లో ముస్లిం సమాజాలకు ప్రత్యేక ప్రతినిధి అనే మరో పదవిని సృష్టించి, శ్రీనగర్‌లో పుట్టిన ఫరా పండిత్‌ను నియమించారు. మొదటి పదవి ప్రభుత్వాల కూటమితో మాట్లాడటానికి, రెండోది యూరప్‌లో మైనారిటీలుగా జీవించే ముస్లిం యువత సహా ప్రజలతో నేరుగా మాట్లాడటానికి. ఈ తేడాను జవాబులో స్పష్టంగా చూపాలని నా సలహా.

ఇక నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన ఘట్టం 2011. మతాలను కించపరచడాన్ని ఖండించే తీర్మానాలను ఓఐసీ 1999 నుంచి జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల వేదికలో ప్రవేశపెడుతూ వచ్చింది. భావ ప్రకటన స్వేచ్ఛకు అవి విఘాతమని అమెరికా, యూరప్ దేశాలు వ్యతిరేకిస్తూ వచ్చాయి. ఏళ్ల తరబడి సాగిన ఈ పెనుగులాట 2011 మార్చిలో మానవ హక్కుల మండలి 16/18 తీర్మానంతో ఒక కొలిక్కి వచ్చింది. ఓఐసీ తరఫున పాకిస్తాన్ ప్రవేశపెట్టిన ఆ తీర్మానం ఓటింగ్ లేకుండానే ఏకాభిప్రాయంతో ఆమోదం పొందింది. మతానికి కాక, మతం కారణంగా వివక్షకూ హింసకూ గురయ్యే మనుషులకు రక్షణ కల్పించడం దాని సారాంశం. నేరంగా పరిగణించవలసినది తక్షణ హింసకు రెచ్చగొట్టడాన్ని మాత్రమే. ముస్లింలపై విద్వేషాన్ని ప్రపంచం గుర్తించిందని ఓఐసీ, తమ రాజ్యాంగ స్వేచ్ఛకు భంగం కలగలేదని అమెరికా, ఎవరి ప్రజలకు వారు చెప్పుకోగలిగారు. అదే ఏడాది జూలైలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, ఓఐసీ ప్రధాన కార్యదర్శి ఎక్మెలెద్దీన్ ఇహ్సానోగ్లూ ఇస్తాంబుల్‌లో కలిసి సమావేశం నిర్వహించారు.

16/18 తీర్మానానికి సుమారు నెల రోజుల ముందు, 2011 ఫిబ్రవరి 18న, ఇజ్రాయెల్ ఆవాసాలను ఖండించే తీర్మానం భద్రతా మండలికి వచ్చినప్పుడు 14 దేశాలు అనుకూలంగా ఓటు వేయగా అమెరికా ఒక్కటే వీటో చేసింది. ఆ పద్నాలుగింటిలో అప్పటి తాత్కాలిక సభ్యదేశం భారత్ కూడా ఉంది. ఇరుపక్షాలకూ దక్కేది ఉన్నచోట అమెరికా దౌత్యం ఓపికగా, నేర్పుగా సాగుతుంది. స్వదేశంలో రాజకీయ మూల్యం చెల్లించవలసిన చోట కైరోలో పలికిన మాటే అయినా వెనక్కి తగ్గుతుంది. ఇది నా అంచనా. విభేదించేవారు 2016 డిసెంబరులో అవే ఆవాసాలను ఖండించిన భద్రతా మండలి 2334 తీర్మానంపై ఓటింగ్‌కు అమెరికా దూరంగా ఉండి, దానిని నెగ్గనిచ్చిన సంగతిని ఎత్తిచూపవచ్చు. అయితే అప్పటికి ఒబామా పదవీకాలం కొద్ది వారాలే మిగిలి ఉంది.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. కైరోలో ఇచ్చిన హామీ మేరకు 2010 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. తరువాత అది ఇస్తాంబుల్, దుబాయ్, కౌలాలంపూర్, మరకేష్, నైరోబీ తిరిగి, 2016లో సిలికాన్ వ్యాలీకి చేరి, 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుగా హైదరాబాద్‌కు వచ్చింది. ఇవాంకా ట్రంప్ రాక, దానికోసం బాగుపడిన రోడ్ల గురించే మనవాళ్లు ఎక్కువగా చెప్పుకున్నారు. ముస్లిం సమాజాలతో సంబంధాల కోసం మొదలైన కార్యక్రమం అప్పటికి మహిళా పారిశ్రామికవేత్తల వేదికగా మారిపోయింది. ఆ ఏడాదే జనవరిలో ముస్లింలు అధికంగా ఉన్న ఏడు దేశాల పౌరుల ప్రవేశంపై ట్రంప్ ఆంక్షలు విధించి, మే నెలలో రియాద్‌లో ముస్లిం దేశాధినేతలతో శిఖరాగ్ర సమావేశం జరిపాడు. సంభాషణ ప్రజలనుంచి పాలకులవైపు మళ్లిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఇజ్రాయెల్‌తో కొన్ని అరబ్ ప్రభుత్వాలు సంబంధాలు నెలకొల్పుకున్న 2020 నాటి అబ్రహాం ఒప్పందాలు కూడా ఈ కోవలోనివే.

పదిహేను మార్కుల ప్రశ్నకు 250 పదాలే రాయాలి కనుక ఇవన్నీ పట్టవు. 16/18 తీర్మానం, 2011 వీటో, ఒక పదవి, ఒక కార్యక్రమం సరిపోతాయి. ప్రశ్న భారత్ వైపు తిరిగితే ఓఐసీకి పునాది వేసిన 1969 రబాత్ సదస్సు నుంచి పాకిస్తాన్ అభ్యంతరంతో మన ప్రతినిధి బృందాన్ని తప్పించడం, 1994లో ఓఐసీ ఏర్పాటు చేసిన కశ్మీర్ కాంటాక్ట్ గ్రూపు, 2019 మార్చిలో అబుదాబిలో జరిగిన ఓఐసీ సమావేశంలో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ గౌరవ అతిథిగా ప్రసంగించడం కలపండి. రష్యా 2005లోనే ఓఐసీలో పరిశీలక హోదా పొందగా అమెరికా రాయబారితో సరిపెట్టుకున్న విషయం కూడా పోలికకు బాగుంటుంది. 16/18 పాఠం కొద్ది పేజీలే కనుక సారాంశాలకు బదులు దానినే చదవండి. పక్కనే కశ్మీర్‌పై ఓఐసీ ప్రకటనలను, వాటికి మన విదేశాంగ శాఖ ఇచ్చిన సమాధానాలను పెట్టుకోండి.