సోర్ రుచంతా ఆ మూడింటి మధ్యే ఉంది

కాక్‌టెయిల్స్‌లో ఒక్కటే ఎంచుకోమంటే నేను సోర్ అనేస్తా. స్పిరిట్ (విస్కీ లాంటి ఘాటు మద్యం), నిమ్మరసం, తీపి, ఉన్నవి మూడే కాబట్టి ఏ ఒక్కటి కాస్త అటూ ఇటూ అయినా మొదటి గుక్కలోనే తెలిసిపోద్ది. 1862లో అమెరికన్ బార్‌టెండర్ జెర్రీ థామస్ అచ్చేయించిన బార్ పుస్తకంలోనే సోర్లు ఉన్నాయి, అంటే నూట అరవై ఏళ్ళు దాటినా లెక్క పెద్దగా మారలేదన్నమాట.

విస్కీ సోర్‌కి నా కొలత 60 ఎంఎల్ బోర్బన్ (మొక్కజొన్న ఎక్కువగా వేసి చేసే అమెరికన్ విస్కీ), 22 లెమన్ జ్యూస్, 22 షుగర్ సిరప్. జ్యూస్ మాత్రం అప్పటికప్పుడు పిండిందే ఉండాలి, ఈ విషయంలో నేను అస్సలు తగ్గను. తెల్లసొన వేస్తే ముందు ఐస్ లేకుండా బాగా షేక్ చేసి, తర్వాత ఐస్ వేసి మళ్ళీ షేక్ చేయాలి, ఎందుకంటే అది చల్లబడకముందే గాలిని బాగా పట్టుకుని చిక్కటి నురగ అవుతుంది, పైగా ఆ నురగ వల్ల పులుపు నాలుకకి గుచ్చుకోదు. గుడ్డు వద్దనుకునేవాళ్ళు కాబూలీ శనగలు ఉడికిన నీళ్ళు వాడుతున్నారు, నురగ బాగానే వస్తుంది.

అమరెట్టో అంటే బాదం రుచి ఉండే తీపి లిక్కర్, దాంతో చేసే అమరెట్టో సోర్ అంటే నాకు చాన్నాళ్ళు పడేది కాదు. నేను తాగినవన్నీ సీసాలో వచ్చే సోర్ మిక్స్‌తో చేసినవి, పాకం తాగినట్టుండేది. తర్వాత జెఫ్రీ మోర్గెన్‌థాలర్ అనే అమెరికన్ బార్‌టెండర్ పద్ధతి చూశా. 45 ఎంఎల్ అమరెట్టోకి 22 ఎంఎల్ నీళ్ళు కలపకుండా పీపాలోంచి నేరుగా సీసాకెత్తిన ఘాటైన కాస్క్ ప్రూఫ్ బోర్బన్ తోడు చేస్తాడు, లెమన్ 30, కొంచెం సిరప్, తెల్లసొన. అమరెట్టోలో తీపి ఎక్కువ, ఆల్కహాల్ తక్కువ, అంత నిమ్మరసాన్ని అదొక్కటే మోయలేదు, ఆ లోటు ఎక్కడుందో పట్టుకుని అక్కడే సరిచేశాడు. మంచి వేరియేషన్ అంటే నాకు ఇదే, కొత్త సీసా తెచ్చి పోయడం కాదు.

న్యూయార్క్‌లోని మిల్క్ అండ్ హనీ బార్‌లో పుట్టిన గోల్డ్ రష్ కూడా అంతే, విస్కీ సోర్‌లో సిరప్ తీసి తేనె పెట్టారు. 2005లో అక్కడే బార్‌టెండర్ శామ్ రాస్ బోర్బన్ బదులు స్కాచ్ తీసుకుని, తేనెకి అల్లం కలిపి, పైన పొగవాసన కొట్టే, స్కాట్లాండ్‌లోని ఐలా దీవి విస్కీ కొంచెం తేల్చి పెన్సిలిన్ చేశాడు. గ్లాసు ఎత్తగానే ముందు ఆ పొగే తగుల్తుంది, అల్లం మంట తర్వాత గొంతులో తెలుస్తుంది, అబ్బా.

ఇక బార్‌టెండర్ జుసెప్పె గొంజాలెజ్ చేసిన ట్రినిడాడ్ సోర్ అయితే, మామూలుగా రెండు చుక్కలు వేసే అంగోస్తురా బిట్టర్స్‌ని (మూలికలు, మసాలాలతో చేసే చేదు ద్రావణం) ఏకంగా 45 ఎంఎల్ పోసి అదే బేస్ చేసేశాడు, రై విస్కీ పక్కన కొంచెమే. అంత చేదునీ బాదం సిరప్ ఆర్జా, లెమన్ కలిసి లాక్కొచ్చేస్తాయి. మొదటిసారి తాగినప్పుడు సగం గ్లాసు అయ్యేదాకా నేను మాట్లాడలేదు.