దమ్ము మడిలో నీళ్లెక్కువైతే

ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు వదిలాక బోదెల్లోకి, అంటే పొలం పిల్లకాలువల్లోకి, రావడమే ఆలస్యం, డెల్టా అంతటా దమ్ముకు, అంటే ఊడ్పుల ముందు మడిని నీళ్లతో కలిపి బురదగా దున్నడానికి, ట్రాక్టర్లు దిగుతాయి. నీళ్లున్నప్పుడే పెట్టేసుకుందామని రైతు మడి నిండా పెట్టేస్తాడు. డ్రైవరుకూ అదే ఇష్టం. బండి తేలిగ్గా పోతుంది, నీళ్ల కింద ఏమైందో కనపడదు, సాయంత్రానికి ఎకరాల లెక్క పెరుగుతుంది. దమ్ము చెడేది అక్కడే.

ట్రాక్టరు వెనక బిగించి తిప్పే కత్తుల యంత్రం రోటావేటరు. దాని కత్తి మట్టిగడ్డను నలపాలంటే గడ్డ దానికి ఎదురు నిలవాలి. నీళ్లెక్కువైతే పక్కకు జారిపోతుంది. తక్కువైతే నల్లమట్టి బంకలా రోటరుకు చుట్టుకుని ఇంజను మూలుగుతుంది. వేసవిలో ఒకసారి పొడి దుక్కి చేసి, నీళ్లు పెట్టి రెండు మూడు రోజులు నాననిచ్చి, తోలేటప్పుడు సుమారు 5 సెం.మీ. ఉంచితే సరిపోతుంది. గడ్డల నెత్తులు అక్కడక్కడా నీటి పైకి కనపడుతూ ఉండాలి. ఎకరంలో 1 సెం.మీ. నీరంటే 40 వేల లీటర్లు. 10 సెం.మీ. పెట్టినవాడు అదనంగా 2 లక్షల లీటర్లు పెట్టి, ఊడ్పుల ముందు గండి కొట్టి మురుగు కాలువలోకి వదులుతాడు. ఆ ఎర్రనీళ్లతో పాటు మెత్తటి ఒండ్రు పోతుంది, దుక్కిలో వేసిన ఎరువూ పోతుంది.

లోతు 10-12 సెం.మీ. చాలు. దాని కింద ఏళ్ల తరబడి దమ్ముతో బిగుసుకున్న గట్టి పొర ఒకటి ఉంటుంది. నీటిని కిందికి పోనివ్వనిదీ, ట్రాక్టరును మోసేదీ అదే. "లోతుగా దించరా" అని గట్టు మీద నుంచి కేకేసే రైతు తన చేను పునాదిని తానే తవ్విస్తున్నాడు. ఒకసారి పొర తెగిన చోట ఏటా చక్రం దిగబడుతుంది. రోటావేటరు రెండు పక్కలా నేల మీద జారే పట్టీలుంటాయి, వాటినే స్కిడ్లంటారు. వాటి బోల్టులు మార్చి లోతు ముందే కట్టేయాలి, ప్రతిసారీ లివరుతో అంచనా వేయడం కుదరదు. 45-50 హార్స్‌పవర్ బండికి 6 అడుగుల రోటావేటరు, లో గేరు, రోటావేటరును తిప్పే వెనక షాఫ్టు (పి.టి.ఓ.) నిమిషానికి 540 చుట్ల దగ్గర నిలిచేలా యాక్సిలరేటరు. మనిషి నడకను మించిన వేగం వద్దు. వేగం పెంచితే కత్తికీ కత్తికీ మధ్య నలగని మట్టి మిగిలిపోతుంది.

మొదటి దమ్ముకు రోటావేటరు వెనక రేకు పైకి ఉంచాలి, ఆఖరి దమ్ముకు దించాలి. రెండింటి మధ్య వారం పది రోజులు ఎడం తప్పదు. దాళ్వా (రెండో పంట) కోసిన హార్వెస్టరు వదిలిన గడ్డి, కొయ్యకాళ్లు మొదటి దమ్ములో కలిసి కుళ్లడం మొదలవుతాయి. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ముందు నేలలోని నత్రజనిని లాక్కుంటాయి. ఎడం ఇవ్వకుండా ఊడిస్తే నారు పసుపు రంగుకు తిరుగుతుంది, రైతు కంగారుపడి యూరియా చల్లుతాడు. పచ్చిరొట్ట ఎరువుగా పెంచిన జీలుగను పూత దశలో కలియదున్నినా ఇదే ఎడం ఇవ్వాలి, లేత జీలుగ మాత్రం గడ్డికన్నా త్వరగా కుళ్లుతుంది. మూడో దమ్ము ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు, డీజిలు తగలేయడానికి తప్ప.

దమ్మయ్యాక చదును చెక్క తోలి వదిలేయాలి. బరువు నేలలో బురద రెండు రోజులైనా పేరుకోకుండా ఊడిస్తే నారు లోతుకు దిగి పిలకలు తగ్గుతాయి. నాటే యంత్రానికైతే ఇది మరీ ముఖ్యం. నీళ్లు తీసి, వేలంత కర్రతో బురదలో ఒక గీత గీసి చూడండి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకా ఆగాలి. అంచులు నిలబడి నెమ్మదిగా పూడితే యంత్రం దించవచ్చు. పూడకుండా అలాగే ఉండిపోతే ఆలస్యమైనట్టే, ఊడ్చిన మొక్క గుంట పూడదు, మొక్క తేలుతుంది.

ఇక ట్రాక్టరు సంగతి. టైర్లలో బరువు కోసం నింపిన నీళ్లుంటే దమ్ముకు ముందు తీసేయాలి. దమ్ముకు బిగించే ఇనుప చక్రాలతో తారు రోడ్డెక్కకూడదు, ఆ చక్రాలు ట్రక్కులో వేసుకెళ్లి గట్టు దగ్గర బిగించాలి. చేపల చెరువు గట్టు పక్క చేను ఊటతో ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, అక్కడ గట్టు నుంచి నాలుగైదు బారలు వదిలి తోలి, ఆ ముక్క పవర్ టిల్లరుతో చేయించడం మేలు.

దిగబడితే యాక్సిలరేటరు తొక్కినకొద్దీ చక్రం గుంట తవ్వుకుంటుంది. వెంటనే ఆపి, రోటావేటరు విప్పి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. వెనక చక్రాలకు దుంగ కట్టి ముందుకు లాగే అలవాటు ఇక్కడ ఇంకా ఉంది. దుంగ బురదలో పట్టుకుని చక్రం తిరగలేకపోతే, ఇరుసు చుట్టూ బండే తిరుగుతుంది. ముందు చక్రాలు లేచి డ్రైవరు మీదకు బోర్లా పడటానికి రెప్పపాటు చాలు. వేరే బండితో లాగిస్తే గొలుసు బండి వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే (డ్రాబారుకే) కట్టాలి, పై లింకుకు కాదు. గొలుసు తెగితే కొరడాలా వస్తుంది కాబట్టి పక్కన జనం ఉండకూడదు.

మధ్యాహ్నం భోజనానికి బండిని నీళ్లలోనే ఆపి వెళ్లడం చాలామంది తప్పనుకోరు. కాగిన ఇరుసు చల్లటి నీళ్లలో చల్లారుతుంటే లోపలి గాలి కుంచించుకుని ఆయిల్ సీలు (నూనె కారకుండా ఆపే రింగు) దాటి బురదనీళ్లను లోపలికి పీలుస్తుంది. బండిని గట్టెక్కించే ఆపాలి. రోజూ సాయంత్రం రోటరు చివర్లకు చుట్టుకున్న నైలాను తాడు, గడ్డి కోసి తీయాలి, సీలును కోసేది అవే. ముందు హబ్బులకు, క్రాస్ జాయింట్లకు పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. బండి కడిగే సర్వీసు పైపు నీళ్లు సీలు మీదకు సూటిగా పెట్టకూడదు. పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు గేరాయిలు పుల్ల తీసి చూడండి. ఆయిలు మజ్జిగలా తెల్లబడి ఉంటే ఆ రోజు చేలోకి దించకండి. ముందు సీలు మార్చి, ఆయిలంతా దించి కొత్తది పోయాలి.